అందరూ ఉన్న ఫోటో

మా అన్నయ్యకు దేవుడిచ్చిన విద్య ఒక్కటే. నాలుకను అంగిట్లో ఆనించి టక్‌మనిపించగలడు. ఆ ఒక్క టక్కుతో పన్నెండేళ్ళపాటు ఊళ్ళో పేరుమోసిన ఫోటోగ్రాఫరుగా చలామణీ అయ్యాడు. సొంత చెల్లెల్ని కాబట్టి ఈ మాట నేను అనవచ్చు. ఇంకెవరైనా అంటే మాత్రం ఒంటికాలి మీద లేస్తాను.

ఫోటోలు తీసింది మా వదిన.

వదిన వాళ్ళ నాన్నగారు వాచీలు బాగుచేసేవారు. ఒకసారి ఎవరో పాడైన కెమెరా తెచ్చి, "ఇందులోనూ ఉండేవి స్ప్రింగులే కదా, కాస్త చూడండి" అని ఆయన బల్ల మీద పెట్టి వెళ్ళి, మళ్ళీ ఆ ఛాయలకు రాలేదు. ఆయన దాన్ని విప్పి, తుడిచి, బాగుచేశారు. బాగైందో లేదో తెలియాలి కదా అని పన్నెండేళ్ళ కూతురి చేతికిచ్చారు. ఆ పిల్ల ఇక దాన్ని వదిలితే ఒట్టు. పెళ్ళై మా ఇంటికి వచ్చిన రోజున కూడా బట్టల పెట్టెకంటే ముందు ఆ కెమెరా పెట్టే గడప దాటింది.

మాది అప్పటికి పటాలకు ఫ్రేములు కట్టే కొట్టు. "ఫ్రేములు మనమే కడుతున్నాం. లోపల పెట్టే బొమ్మలు కూడా మనమే తీస్తే పోలా?" అంది వదిన, కాపురానికి వచ్చిన మూడో రోజున. మేడ మీద గది కప్పులో ఒక పక్క పెంకులు తీయించి గాజు పలకలు పరిపించాం. వెలుతురు మెత్తగా పడేందుకు వాటి కింద తెల్లగుడ్డ కట్టాం. గోడకు తెర వేలాడదీసి దాని మీద స్తంభాలు, ఎక్కడికీ పోని ఒక మెట్లవరస నేనే గీశాను. ఫోటోలకు రంగులద్దే పని కూడా నాదే. బుగ్గలకు కాస్త ఎరుపు, అంచులకు కాస్త బంగారు రంగు. ఎవరి బుగ్గలకు ఎంత ఎరుపు పూయాలో వాళ్ళు నాతో మాట్లాడిన తీరును బట్టి ఉండేది.

అన్నీ కుదిరాయి, జనమే కుదరలేదు. వచ్చేవాళ్ళు, మెట్లెక్కేవాళ్ళు, కెమెరా పక్కన నాలుగడుగుల పది అంగుళాల మా వదినను చూసి, "ఫోటోగ్రాఫరు గారు ఎప్పుడొస్తారమ్మా?" అనేవాళ్ళు.

"నేనేనండీ" అనేది వదిన.

"పోనీలెండి, ఆయన వచ్చాకే వస్తాం" అనేవాళ్ళు.

ఒక జంట అయితే రానున్న ఫోటోగ్రాఫరు కోసం పొద్దున్నుంచి మధ్యాహ్నందాకా మా బల్ల మీదే కూర్చుని, తెచ్చుకున్న భోజనం కూడా అక్కడే చేసి, "మీ ఆయన చాలా ఆలస్యం చేస్తారమ్మా" అని వదినను మందలించి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండి వాళ్ళ వెనకాలే మెట్లు దిగబోతే వదిన నా జడ పట్టుకుని ఆపింది.

అప్పుడు రంగంలోకి దిగాడు మా అన్నయ్య. ఆరడుగుల మనిషి, కోటు, మెలితిప్పిన మీసం. ఏమీ చేయకుండా నిలబడినా ఏదో గొప్ప పని చేస్తున్నట్టే కనబడతాడు. ఆయన కెమెరా వెనక నల్లగుడ్డలో తల దూర్చితే చాలు, ఎదుట కూర్చున్నవాళ్ళు ఊపిరి బిగబట్టేవారు. చేతిలో ఒక రబ్బరు బంతి, దానికి ఒక సన్నని గొట్టం. మామూలుగా అయితే ఆ బంతిని నొక్కితే గొట్టంలోంచి గాలి పోయి కెమెరా షట్టరు తెరుచుకోవాలి. మా అన్నయ్య చేతిలోని బంతి గొట్టం మాత్రం స్టాండు కాలికి కట్టేసి ఉండేది. అసలు గొట్టం తివాచీ కిందుగా పోయి పక్కనున్న అడ్డుతెర దగ్గర, పిల్లల్ని ఆడించడానికి గిలకలు పట్టుకుని కూర్చున్న మా వదిన కొంగు కింద తేలేది. ఫోకస్ చూసేది కూడా వదినే. "అద్దం మీద దుమ్ము పడిందండీ" అంటూ వెళ్ళి నల్లగుడ్డలో దూరి, అన్నీ సరిచేసుకుని వచ్చేది.

ఆ నల్లగుడ్డ లోపల అద్దం మీద మనుషులు తలకిందులుగా కనబడతారు. "పొద్దస్తమానం అందర్నీ తలకిందులుగా చూస్తుంటే ఎవరన్నా భయం వేయదే" అనేది వదిన నాతో.

ఇక ఆ టక్కు సంగతి. ఒకనాడు పోస్టుమాస్టరు గారు కుటుంబంతో వచ్చారు. ఆ రోజుల్లో ఫోటోలో ఎవరిని చూసినా అప్పుడే ఏదో చెడ్డ కబురు విన్నట్టు ఉండేవారు. ఆయన మరీనూ. పొట్ట లోపలికి లాక్కుని, కళ్ళు చిట్లించి, ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నారు. గుడ్డ కింద మా అన్నయ్యకు మెడ నొప్పి పుట్టింది, చెమటలు పట్టాయి. ఎప్పుడు బయటపడదామా అని తొందరపడి, వదిన బంతి నొక్కకముందే నాలుకతో టక్‌మనిపించి, "అయిపోయిందండీ!" అని గుడ్డలోంచి తల బయటపెట్టాడు. పోస్టుమాస్టరు గారు హమ్మయ్య అని పొట్ట వదిలేశారు. చొక్కా బొత్తాం ఒకటి ఎగిరి వాళ్ళావిడ ఒళ్ళో పడింది. ఆవిడ ఆయన్ని చూసింది, ఆయన ఆవిడను చూశారు, ఇద్దరూ పగలబడి నవ్వారు. అప్పుడు నొక్కింది మా వదిన.

ఆ ఫోటో చూడడానికి మూడు వీధులు కదిలి వచ్చాయి. పోస్టుమాస్టరు గారికి పళ్ళున్నాయన్న సంగతి చాలామందికి అప్పుడే తెలిసింది.

అప్పటినుంచి అదే మా పద్ధతి. అన్నయ్య టక్‌మనడం, "అయిపోయిందండీ" అనడం, వచ్చినవాళ్ళు ఊపిరి వదిలి మామూలు మనుషులు కావడం, అప్పుడు వదిన నొక్కడం. అసలు షట్టరు చప్పుడు వాళ్ళ నవ్వుల్లో కలిసిపోయేది. మా స్టూడియోలో నవ్వు బాగా పడుతుందని పక్క ఊళ్ళనుంచి కూడా బళ్ళు కట్టుకుని వచ్చేవారు. ప్రతి ఫోటో వెనకా మా అన్నయ్య పేరుతో గుండ్రటి ముద్ర పడేది.

ఆ ముద్ర కొట్టేది నేనే. కొట్టిన ప్రతిసారీ నాకు మంటగానే ఉండేది. వదిన ఏమీ అనేది కాదు. జనానికి నమ్మకం కుదిరాక చెబుదామని అన్నయ్య మొదటి ఏడే మాటిచ్చాడు. ఆ మాట అలాగే ఉంది. ఆయన చెడ్డవాడు కాదు. వదినంటే ప్రాణం. కానీ వీధిలో నడుస్తుంటే పదిమంది నమస్కారాలు పెట్టడం కూడా ఆయనకు ప్రాణమే.

స్టూడియో పెట్టిన పదకొండో ఏట వదిన వాళ్ళ నాన్నగారు వచ్చారు. వాచీలాయన కదా, ఏ వస్తువు చేతికిచ్చినా ముందు వెనకవైపు తిప్పి చూడడం ఆయన అలవాటు. వదిన తను తీసిన వాటిలోకెల్లా మంచి ఫోటో, ఒక ముసలావిడ బోసినవ్వు, ఆయన చేతిలో పెట్టింది. ఆయన తిప్పి ముద్ర చదివారు. ఆ తర్వాత బొమ్మ చూశారు. కళ్ళద్దాలు తుడుచుకుని, "అల్లుడుగారు బాగా తీస్తున్నారమ్మా" అన్నారు. వదిన "అవును నాన్నా" అంది. పక్కనే ఉన్న మా అన్నయ్య గోడ వంక చూశాడు. ఆ రోజు నేను వదిన ముఖం చూడలేకపోయాను.

మరుసటి ఏడు సంఘం నుంచి ఉత్తరం వచ్చింది.

చుట్టుపక్కల ఊళ్ళ ఫోటోగ్రాఫర్లందరికీ ఒక సంఘం ఉండేది. ఇరవై ముగ్గురు సభ్యులు, అందరూ మగవాళ్ళే. మా అన్నయ్యా అందులో ఒకడు. ఏడాదికొకసారి వాళ్ళ భవనం మెట్ల మీద అందరూ కలిసి ఫోటో దిగుతారు. ఒక సభ్యుడు తీస్తాడు, మిగిలిన ఇరవై ఇద్దరూ దిగుతారు. దాన్ని పెద్ద హాలులో తగిలించి, కింద తీసినవారి పేరు ఇత్తడి రేకు మీద చెక్కిస్తారు. రేకు చదవకపోయినా ఎవరు తీశారో ఇట్టే చెప్పవచ్చు. ఫోటోలో ఎవరు లేరో చూసుకుంటే సరి. ఈ ఏడు ఆ గౌరవం మా అన్నయ్యకు దక్కింది. "మా ముఖాల మీద కూడా నీ నవ్వు తెప్పించవయ్యా, ముప్పై ఏళ్ళుగా ఈ గోడలు ఏడుస్తున్నాయి" అని కింద అధ్యక్షులవారు సొంత చేత్తో రాశారు.

అన్నయ్య ఆ ఉత్తరం మాకు నాలుగుసార్లు చదివి వినిపించాడు. చీకటిగదిలో, ఎర్రదీపం వెలుగులో ఫోటోల గాజు ప్లేట్లు కడుగుతున్న వదిన తలెత్తకుండానే అంది:

"నేనే తీస్తాను. కింద నా పేరే వేయాలి."

"నువ్వే తీస్తావు, అందులో అనుమానమేముంది? పేరంటేనే... సంఘం రూలు..."

"పన్నెండేళ్ళుగా ముద్ర మీది. నేనేమన్నా అన్నానా? ఈ ఒక్కటి నాది. ఇది మా ఆవిడ తీసిందని వాళ్ళ ఎదుట ఒక్క మాట చెప్పండి చాలు."

"చూద్దాం" అన్నాడు అన్నయ్య.

మా అన్నయ్య చూద్దాం అన్నాడంటే ఆ వైపే చూడడని అర్థం. అది నాకు తెలుసు, వదినకూ తెలుసు.

"చెప్పకపోతే ఆ రోజునుంచి నేను బంతి ముట్టుకోను. మీరు నాలుకతోనే ఫోటోలు తీసుకోండి" అంది వదిన, చేతులు తుడుచుకుంటూ. గొంతు పెంచలేదు. అందుకే అన్నయ్య ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ వారమంతా ఆయనకు కంటి మీద కునుకు లేదు. పేరు సంగతి అటుంచితే, ఎదుట కూర్చునేది పోస్టుమాస్టర్లు కాదు, ఇరవై ఇద్దరు ఫోటోగ్రాఫర్లు. వాళ్ళకు షట్టరు చప్పుడేదో, నాలుక చప్పుడేదో తెలియదా? పొద్దున్న లేచిన దగ్గరినుంచి అద్దం ముందు నిలబడి టక్కు టక్కుమని సాధన చేశాడు. నేను వంటింట్లోంచి, "కొంచెం మెత్తగా, అన్నయ్యా! అది తలుపు గడియ పెట్టినట్టుంది" అని అరిచేదాన్ని. నాకేమో సరదాగా ఉంది. ఆయన మీద జాలి పడాల్సిందే, కానీ నవ్వు ఆగితేనా?

ఆ రోజు రానే వచ్చింది. ముగ్గురం తెల్లవారుతూనే భవనానికి చేరుకున్నాం. మెట్లకు ఎదురుగా కెమెరా నిలబెట్టాం. ఇరవై అయిదడుగుల గొట్టాన్ని నేల మీదుగా పరిచి, పూలకుండీల వెనకగా తిప్పి, పక్క వాకిలిదాకా లాగాం. అక్కడ వదినా నేనూ కుర్చీలు మోసేవాళ్ళకు పురమాయిస్తున్నట్టు నిలబడతాం. గొట్టం కనబడినచోట నేను కాళ్ళు తుడుచుకునే పట్టా వేశాను. అద్దం మీద దుమ్ము తుడిచే వంకతో వదిన ఫోకస్ చూసుకుని వచ్చింది.

ఫోటోగ్రాఫర్లకు ఫోటో తీయడమంత అవస్థ ఇంకొకటి లేదు. ఒక్కడు కుదురుగా నిలబడితే ఒట్టు. ఒకాయన పక్కాయన గడ్డం పట్టుకుని పైకెత్తుతున్నాడు. ఆ పక్కాయన తన ముందువాడి భుజాలు సరిచేస్తున్నాడు. "ఎండ ఎడమనుంచి పడుతోంది!" "స్టాండు జానెడు దించవయ్యా!" "ఇంకా నయం, పైకెత్తమను!" అందరూ ఆజ్ఞలిచ్చేవాళ్ళే, వినేవాడు ఒక్కడూ లేడు. కార్యదర్శి అయితే జేబులో రూళ్ళ పుస్తకం, చేతిలో కొలత టేపు పెట్టుకుని, అధ్యక్షులవారి చెక్కడపు కుర్చీ నట్టనడుమ లేదని, నలుగురి చేత ఎత్తించి రెండడుగులు ఇటు జరిపించాడు. అధ్యక్షులవారు నిండైన మనిషి. అందులో హాయిగా కూర్చున్నారు.

ఆ కుర్చీ కాలు ఎక్కడ దిగిందో మేము చూసుకోలేదు.

"సిద్ధమేనా?" అని అన్నయ్య నల్లగుడ్డలోంచి అరిచాడు. ఇరవై రెండు ముఖాలు ఒక్కసారిగా బిగుసుకున్నాయి. పూలకుండీలకే వాళ్ళకంటే కాస్త కళ ఉంది. ఆ నిశ్శబ్దంలో మా అన్నయ్యకు నోరెండిపోయింది. టక్కు అనాల్సింది, తుప్ అంది.

"అయి... అయిపోయిందండీ."

ఒక్కడూ కదల్లేదు.

"ఏమిటయ్యా అయిపోయింది?" అన్నారు అధ్యక్షులవారు. "నలభై ఏళ్ళుగా షట్టర్లు వింటున్నానయ్యా. అది షట్టరు కాదు."

"నోటి చప్పుడు!" అన్నాడు కార్యదర్శి.

నా పక్కన వదిన బంతి నొక్కుతూనే ఉంది. అది రాయిలా గట్టిగా ఉంది, గాలి ముందుకు పోవడంలేదు. గొట్టం వెంబడి చూసుకుంటూ పోతే అధ్యక్షులవారి కుర్చీ కాలు సరిగ్గా దాని మీదే ఉంది. నా పైప్రాణాలు పైనే పోయాయి. "ఇప్పుడెలా వదినా?" అన్నాను.

వదిన బంతిని నా చేతిలో పెట్టింది. కొంగు దోపుకుంది. పూలకుండీల మధ్యనుంచి బయటికి వచ్చి, ఇరవై ఇద్దరి ఎదుటా నడిచి వెళ్ళి కెమెరా పక్కన నిలబడింది. పొడుగాటి గొట్టాన్ని కెమెరానుంచి ఊడదీసింది. వంగి, స్టాండు కాలికి కట్టి ఉన్న మా అన్నయ్య గొట్టం ముడి విప్పసాగింది. పన్నెండేళ్ళ ముడి, ఓ పట్టాన రాలేదు. వాళ్ళందరూ మెడలు సాచి చూస్తుండగానే పళ్ళతో లాగి విప్పి, ఆ కొసను తీసుకెళ్ళి కెమెరాకు తగిలించింది.

మెట్ల మీద అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు.

"ఆ గొట్టం స్టాండు కాలికి కట్టి ఉందండీ!" అని కార్యదర్శి గావుకేక పెట్టాడు. "కెమెరాకు కాదు! కాలికి!"

అధ్యక్షులవారు మా అన్నయ్యను ఎగాదిగా చూశారు. "ఏమయ్యా, ఫోటోలు తీసేది నువ్వా, ఆవిడా?"

అన్నయ్య గుడ్డలోంచి బయటికి వచ్చాడు. జుట్టంతా చెదిరి ఉంది, తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. "అంటే... మా ఆవిడ సరదాకి... అప్పుడప్పుడు కాస్త సాయం... చూద్దాం..." అని నీళ్ళు నమిలాడు. నాకు అందుబాటులో ఒక చిన్న పూలకుండీ ఉంది. విసరలేదంటే అది నా గొప్పతనమే.

వదినకు కోపం రాలేదు. కోపం వచ్చి ఉంటే నాకు ఇంత బాధనిపించేది కాదు. ఆయన చేతిలోంచి బంతి తీసుకుని, ఆయనకే వినబడేలా, కానీ చెవులు రిక్కించిన నాకు కూడా వినబడేలా అంది:

"ఏమండీ, మీరూ వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడండి."

ఆ మాటకు అర్థమేమిటో ఆ వాకిట్లో అందరికీ తెలుసు. తీసినవాడు ఫోటోలో ఉండడు. ఫోటోలో ఉన్నవాడు తీసినవాడు కాడు. అక్కడినుంచి మెట్లు ఎనిమిది అంగల దూరం. నమస్కారాలు, కోటు, పేరు అన్నీ ఆ ఎనిమిది అంగల్లోనే పోవాలి.

అన్నయ్య మా వదినను చూశాడు. భుజం మీద మిగిలిపోయిన నల్లగుడ్డను తీసి, బుద్ధిగా నాలుగు మడతలు పెట్టి ఆవిడ చేతికిచ్చాడు. ఆ తర్వాత నడిచాడు. రెండో వరస చివర నిలబడి, కోటు సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

"ఫోటో మా ఆవిడే తీస్తుందండీ. ఇన్నాళ్ళూ అన్నీ ఆవిడే తీసింది. నాది నాలుకొక్కటే."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పన్నెండేళ్ళుగా తిట్టుకున్న అన్నయ్యను గబుక్కున వెళ్ళి కావలించుకోవాలనిపించింది. అలా చేస్తే ఫోటోలో పడతానని ఆగిపోయాను.

"ఇది మోసం! సంఘానికి అవమానం!" అని కార్యదర్శి పుస్తకం తీయబోయాడు.

"కూర్చోవయ్యా. ముందు ఫోటో కానివ్వు, తర్వాత తీరిగ్గా కొట్టుకుందాం" అన్నారు అధ్యక్షులవారు.

వదిన నల్లగుడ్డలో దూరి ఇరవై ముగ్గుర్నీ తలకిందులుగా ఒకసారి చూసుకుంది. బయటికి వచ్చి, ప్లేటు పెట్టి, దాని మూత లాగింది. బంతి పట్టుకుని, "కదలకండి" అంది. ఆ మాట చెప్పనక్కర్లేదు. కొందరు కోపంతో, కొందరు సిగ్గుతో, కార్యదర్శి రెండింటితోనూ మేకుల్లా బిగుసుకుపోయి ఉన్నారు. ముప్పై ఏళ్ళుగా ఆ గోడలు చూసిన ఏడుపు ముఖాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

వదిన నొక్కలేదు, ఆగింది. ఎందుకు ఆగిందో నాకు తెలుసు. ఎవరో ఒకరు "అయిపోయిందండీ" అనాలి. నా వంక చూసింది. నేను నోరు తెరిచాను. ఎప్పుడూ మూతపడని నా నోరు, ఆ పూట గాలి తప్ప ఏమీ పలకలేదు.

టక్!

రెండో వరస చివరినుంచి. గుండ్రంగా, స్పష్టంగా, కొత్త షట్టరు లాగా. ఆయన జీవితంలో అంత మంచి టక్కు మళ్ళీ కొట్టలేదు.

"అయిపోయిందండీ!"

ఇరవై ఇద్దరు ఆరితేరిన ఫోటోగ్రాఫర్లు, అది నోటి చప్పుడని అయిదు నిమిషాల క్రితమే కనిపెట్టినవాళ్ళు, "హమ్మయ్య" అని ఒకేసారి ఊపిరి వదిలేశారు. వదిలిన మరుక్షణం తెలిసింది, మళ్ళీ మోసపోయామని. అధ్యక్షులవారి పొట్ట ముందుగా కదిలింది, తర్వాత మీసం, తర్వాత కుర్చీ. పక్కనున్న కార్యదర్శి వీపు మీద ఒక్కటి చరిచారు. ఆ దెబ్బకు రూళ్ళ పుస్తకం ఎగిరి మెట్ల మీద పడింది, దాంతోపాటే కార్యదర్శి నవ్వు కూడా బయటపడింది. ఒకాయన ముందువాడి భుజం మీద వాలిపోయాడు. ఇంకొకాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. మెట్లన్నీ నవ్వాయి.

అప్పుడు నొక్కింది మా వదిన.

ఆ ప్లేటును చీకటిగదిలో ముగ్గురం భుజాలు ఆనించుకుని నిలబడి కడిగాం. ఒక్కొక్క నవ్వే తేలుతుంటే అన్నయ్య, "వచ్చాడు, వచ్చాడు, కార్యదర్శి వచ్చాడు!" అని గెంతాడు. పక్కన పెట్టిన నీళ్ళగిన్నె ఒకటి తన్నేశాడు. 

మరుసటి వారం సమావేశంలో ఫోటోను ఫ్రేము కట్టి బల్ల మీద నిలబెట్టారు. వదినా నేనూ వాకిలి దగ్గర నిలబడ్డాం. అంతకుముందే సభ్యులందరూ ఎవరి ముఖం వాళ్ళు తనివితీరా చూసుకున్నారు. ఒకాయన తన భార్యకు చూపిస్తే ఇది మీరు కాదని కొట్టిపారేసిందట. కానీ నవ్వు నవ్వే, రూలు రూలే అన్నాడు కార్యదర్శి. "సభ్యుడు కానివారి పేరు వేయడానికి లేదు. వాళ్ళాయన పేరు వేసేద్దాం. ఎవరడుగుతారు?"

వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అన్నయ్య లేవబోయాడు. అధ్యక్షులవారు చేతికర్రతో ఆయన్ని కూర్చోబెట్టి, కార్యదర్శిని పిలిచారు.

"ఇటు రావయ్యా. ఇందులో తలలు లెక్కపెట్టు."

కార్యదర్శి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. మూడోసారి వేలితో అద్దం మీద తాకుతూ లెక్కపెట్టాడు. "ఇరవై మూడు" అన్నాడు నీరసంగా.

"సభ్యులం ఎంతమందిమి?"

"ఇరవై ముగ్గురం."

"మరి తక్కువైనవాడెవడు? వాడి పేరు చెప్పు, చెక్కిస్తాను."

కార్యదర్శి ఫోటో వంక చూశాడు, హాలులోని మనుషుల వంక చూశాడు. మా అన్నయ్య అక్కడా ఉన్నాడు, ఇక్కడా ఉన్నాడు. "పేరు లేకుండా తగిలిస్తే?" అన్నాడు.

"పేరు లేని ఫోటో గోడ ఎక్కకూడదని నీ పుస్తకంలోనే ఉంది కదయ్యా, పోయినేడు నువ్వే చదివి వినిపించావు."

"అయితే... తగిలించకుండా..." అన్నాడో లేదో, మిగతా అందరూ కుర్చీలు వెనక్కి తోసుకుని లేచారు. అంత అందంగా జీవితంలో మొదటిసారి ఫోటోలో పడినవాళ్ళు ఊరుకుంటారా? "వేయండి ఆవిడ పేరు!" అని మొదట అరిచింది, భార్య చేత కాదనిపించుకున్నాయన. కార్యదర్శి ముఖం మాడ్చుకుని కాగితం తీశాడు. వదిన తన పేరు ఇంటిపేరుతో సహా అక్షరం అక్షరం చెప్పింది. ఆయన రాసిన దానిలో ఒక దీర్ఘం తగ్గిందని దిద్దించింది కూడా. ఆ పూటే ఆవిడను ఇరవై నాలుగో సభ్యురాలిగా చేర్చుకున్నారు. చేర్చుకోకపోతే వచ్చే ఏడు ఎవరు నవ్విస్తారని వాళ్ళ భయం.

నేను మాత్రం ఆ సాయంత్రమే పాత ముద్రను వేణ్ణీళ్ళ పొయ్యిలో పడేసి, వదిన పేరుతో కొత్తది చేయించాను.

దానితో కొట్టిన మొదటి ప్రతిని తీసుకుని ముగ్గురం వదిన వాళ్ళ నాన్నగారి దగ్గరికి వెళ్ళాం. ఆయన బల్ల దగ్గరే ఉన్నారు, కంటికి భూతద్దం బిగించుకుని. వదిన ఫోటో చేతికిచ్చింది. అలవాటు ప్రకారం వెంటనే వెనక్కి తిప్పారు. భూతద్దం తీయకుండానే ముద్ర దగ్గరగా పెట్టుకుని చదివారు. చదివి, వేలితో తడిమారు. అలా వెనకవైపే చూస్తూ ఎంతసేపు కూర్చున్నారంటే, దుకాణంలోని గోడగడియారాలన్నీ వరసగా గంటలు కొట్టి ఊరుకున్నాయి. వదిన ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. నేను ఏడ్చాను. మా అన్నయ్య నాకంటే ఎక్కువ ఏడ్చాడు.

చివరికి ఆయన ఫోటోను ఇటు తిప్పారు. ఒక్కొక్క నవ్వు మీదుగా భూతద్దాన్ని జరుపుకుంటూ వెళ్ళి, రెండో వరస చివర ఆగారు.

"ఫోటో చాలా బాగా తీశావమ్మా" అన్నారు. "కానీ అల్లుడుగారు నాలుక ఎందుకు బయటపెట్టారు?"